సీతాకోకచిలుకల ఇంటికి పోదాం రండి

పిల్లలూ!

సీతాకోకచిలుకను చూడనివారు మీలో ఒక్కరు కూడా ఉండరు. కాని ఒక సీతాకోకచిలుకను ఐదు నిమిషాలపాటు తనివితీరా చూచినవారు ఎందరు? చేతులెత్తమంటే చాలా కొద్ది చేతులే లేస్తాయి. అందులో మీ తప్పేమీ లేదు. అది మందారం మీద వాలుతుంది. మీరు నాలుగు అడుగులు వేసేలోగా లేస్తుంది. మీరు పరుగెత్తేలోగా ప్రహరీగోడ దాటిపోతుంది. ఇక మిగిలేది, పసుపో నలుపో ఏదో ఒక రంగు కళ్ళముందు మెరిసిన జ్ఞాపకం మాత్రమే.

అయితే గోడ దాటి పోలేని సీతాకోకచిలుకలు ఉన్న ఇల్లు ఒకటి ఉన్నది. అక్కడ అవి మన తల మీదుగా ఎగురుతాయి, మన పక్కనే వాలి తేనె త్రాగుతాయి. చూడటానికి కావలసినంత సమయం ఇస్తాయి. ఓపిక ఉంటే ఫొటోలు కూడా తీసుకోవచ్చు. ఇవాళ మనం ఆ ఇంటికే పోతున్నాం.

ఆ ఇల్లు కర్ణాటకలో బన్నేరుఘట్టలో ఉన్నది. బెంగళూరు నడిబొడ్డునుంచి దక్షిణంగా సుమారు 22 కిలోమీటర్లు పోవాలి. హిందూపురం, కుప్పం, మదనపల్లె వైపు పిల్లలకు ఇది దూరమే కాదు. బన్నేరుఘట్ట అనగానే అందరికీ సింహాలు, పులులు, ఏనుగులు గుర్తుకు వస్తాయి. వచ్చినవారు ముందు అటే పరుగెత్తుతారు. ఆ పక్కనే ఏడున్నర ఎకరాలలో సీతాకోకచిలుకల పార్కు ఉన్నది. మనదేశంలో ఇటువంటివాటిలో ఇదే మొదటిది. 2006లో దీనిని ప్రారంభించారు. కర్ణాటక జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఏట్రీ అనే పరిశోధన సంస్థ కలిసి దీనిని రూపొందించాయి.

అక్కడి బోర్డు మీద కన్నడంలో ‘చిట్టె’ అని కనబడుతుంది. సీతాకోకచిలుకను వాళ్ళు పిలిచే పేరు అది. మన మాటలో సీతమ్మ ఉన్నది, ఆమె కట్టిన కోక ఉన్నది, చిలుక కూడా ఉన్నది. వాళ్ళ మాట పేరుకు తగ్గట్టు చిట్టిగా ఉన్నది!

ఇక లోపలికి పోదాం. ముందు ఒక తలుపు, దాని తరువాత మరొకటి. మొదటి తలుపు మూసిన తరువాతనే రెండవది తెరవాలి. ఎందుకో చెప్పగలరా? రెండూ ఒకేసారి తెరిస్తే లోపల ఉన్నవారు బయటికి పోతారు, బయట ఉన్న బల్లులూ చీమలూ లోపలికి వస్తాయి. ప్రపంచంలో ఏ సీతాకోకచిలుకల ఇంటికి పోయినా సాధారణంగా ఇటువంటి జంట తలుపులే ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒకరి చొక్కా మరొకరు చూచుకోవాలి. వీపు మీద ఎక్కి బయటికి ప్రయాణం కట్టే గడుసువాళ్ళు కొందరుంటారు.

లోపల అడుగు పెట్టగానే ముఖానికి వెచ్చగా, తడిగా గాలి తగులుతుంది. వాన వెలసిన తరువాత ఎండ కాస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. గుండ్రటి పెద్ద కట్టడం. దాని విస్తీర్ణం దాదాపు 10,000 చదరపు అడుగులు. అంటే ఎంత? మీ తరగతి గది పొడవు 20 అడుగులు, వెడల్పు 20 అడుగులు అనుకుంటే, అటువంటి గదులు ఇరవై ఐదు ఒకచోట చేర్చినంత. పైకప్పు పాలికార్బొనేటు అనే ప్లాస్టిక్ రేకు. అది వెలుతురును రానిస్తుంది, కాని ఎండ కళ్ళలో గుచ్చుకోనివ్వదు. లోపల చెట్లు, తీగలు, పూలమొక్కలు, కృత్రిమంగా కట్టిన జలపాతం.

ఈ వేడి, ఈ తడి మనకోసం ఏర్పాటు చేసినవి కావు. మన ఒంటిలో వేడి ఎండాకాలంలోనూ చలికాలంలోనూ ఒకే తీరుగా ఉంటుంది. సీతాకోకచిలుకకు అట్లా కాదు. చుట్టూ ఉన్న గాలి చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది. చక్కగా ఎగరాలంటే రెక్కలను ఆడించే కండరాలు సుమారు 30 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే ఉదయం పూట అది రెక్కలు పరచి ఎండకు కూర్చుంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చలికాలపు ఉదయాలు చల్లగా ఉంటాయి. కప్పు కింద నిలిచిన వెచ్చదనం వాటికి మేలు చేస్తుంది. తడి ఎందుకంటారా? గాలి మరీ పొడిగా ఉంటే గూటిదశలో ఉన్న ప్రాణి ఎండిపోవచ్చు. బయటికి వచ్చినా రెక్కలు సరిగా విచ్చుకోవు.

ఇప్పుడు నిలబడండి. నడవవద్దు. ఈ ఇంట్లో చూడటానికి మొదటి సూత్రం ఇదే. నడిచేవాడికి రెక్కలు కనబడతాయి, నిలబడినవాడికి పనులు కనబడతాయి.

అదుగో, నూరువరహాల గుత్తి మీద ఒకటి వాలింది. దాని ముఖం కింద గడియారం స్ప్రింగులాగా చుట్టుకొని ఉన్నది తొండం. అది సాగి పువ్వులోకి దిగుతుంది, తేనె పీల్చుకొని మళ్ళీ చుట్టుకుంటుంది. ఇంకొకటి పువ్వు జోలికి పోకుండా ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టకటకా కొడుతున్నది. అది ఆడది. గుడ్డు పెట్టడానికి తగిన ఆకేనా కాదా అని రుచి చూస్తున్నది. అవును, కాళ్ళతోనే రుచి చూస్తుంది! మనకు నాలుక మీద ఉన్న శక్తి దానికి పాదాలలో కూడా ఉన్నది. మరొక మూల, మాగిన పండు మీద రెండు మూడు చేరి రసం త్రాగుతున్నాయి. ఫొటో తీసేవారికి ఇవే మంచి నేస్తాలు. విందులో కూర్చున్నవాడు అంత తొందరగా లేవడు గదా!

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఆ సంగతులు చెప్పుకుందాం. కెమెరా తీసుకుపోయేవారు టిక్కెట్ల దగ్గరే నియమాలు అడిగి తెలుసుకోవాలి. పెద్ద కెమెరాయే ఉండాలని లేదు. అమ్మా నాన్నల చేతిలోని ఫోను చాలు. కాని కొన్ని మెళకువలు కావాలి.

మొదటిది, వెంటపడకూడదు. సీతాకోకచిలుక వెంట పరుగెత్తేవాడికి దాని వీపే దొరుకుతుంది. మంచి పువ్వు ఒకటి చూచుకొని దాని ముందు కూర్చోవాలి. వచ్చేది తనంతట తానే వస్తుంది. రెండవది, నీడ. మీ నీడ దాని మీద పడగానే అది ఎగిరిపోతుంది. నీడ పడిందంటే పిట్ట వచ్చిందని దానికి భయం. వెలుతురు ఎటు నుంచి వస్తున్నదో చూచుకొని నిలబడాలి. మూడవది, రెక్కలకు ఎదురుగా కెమెరా ఉండాలి. పుస్తకం అట్టను ఫొటో తీసేటప్పుడు కెమెరాను ఏటవాలుగా పట్టుకుంటే ఒక మూల స్పష్టంగాను, మరొక మూల అలుక్కుపోయీ వస్తుంది. రెక్కలదీ అదే లెక్క. ముడుచుకొని ఉంటే పక్కనుంచి, పరచుకొని ఉంటే పైనుంచి తీయాలి. ఎటునుంచి తీసినా కన్ను మాత్రం స్పష్టంగా రావాలి. కన్ను కనబడితే బొమ్మకు ప్రాణం వస్తుంది.

పెద్ద కెమెరా ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. రెక్కలు అల్లల్లాడుతూ ఉంటాయి కాబట్టి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు ఉంటే మంచిది. ఫ్లాష్ వెలిగించవద్దు, పైకప్పు నుంచి దిగే మెత్తని వెలుతురే రంగులను చక్కగా చూపుతుంది. చల్లని గదిలోంచి తెచ్చిన కెమెరా అద్దం మీద లోపలికి రాగానే ఆవిరి పట్టవచ్చు. అప్పుడు కాసేపు ఆగాలి. ఆవిరి తనంతట తానే పోతుంది.

ఫొటో అందానికే కాదు, కంటికి అందని సంగతిని పట్టి ఇవ్వడానికి కూడా పనికివస్తుంది. నాతో వచ్చిన మా మనవరాలు ఏడవ తరగతి చదువుతున్నది. నల్లని రెక్కలమీద తెల్లని పట్టీలు, ఎర్రని మచ్చలు ఉన్న సీతాకోకచిలుకలను అది రెండు ఫొటోలు తీసింది. బల్ల మీద కూర్చొని ఫోనులో వాటిని పెద్దవి చేసి చూస్తూ నన్ను పిలిచింది.

“తాతయ్యా, ఇటు చూడండి. రెండింటికీ రెక్కలు ఒకటే. కాని దీని ఒళ్ళు ఎర్రగా ఉంది, దీని ఒళ్ళు నల్లగా ఉంది!”

“బాగా చూశావమ్మా. ఎర్ర ఒళ్ళు ఉన్నది క్రిమ్సన్ రోజ్. దాని ఒంట్లో విషం ఉంటుంది, చేదుగా ఉంటుంది. ఆ సంగతి పిట్టకు ఎట్లా తెలుస్తుంది?”

“ఒకసారి తిని చూస్తే తెలుస్తుంది.”

“మరి రెండోసారి?”

“రంగు చూడగానే వదిలేస్తుంది.” అని కాసేపు ఆలోచించి, “అయితే ఈ నల్ల ఒళ్ళుది చేదుగా ఉండదా? ఊరికే ఆ వేషం వేసుకుందా?” అన్నది.

సరిగ్గా అంతే. ఆ రెండవది కామన్ మార్మన్ అనే జాతిలో ఆడది. మన పెరట్లో కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టేది ఇదే. దానికి విషం లేదు. విషం ఉన్నదాని చీరవంటి చీర కట్టుకొని పిట్టలనుంచి తప్పించుకుంటుంది. ఈ జాతిలో ఆడవాటికి మూడు వేషాలు ఉన్నాయి. కొన్ని మగవాటివలె ఉంటాయి. కొన్ని కామన్ రోజ్ అనే దానిని, కొన్ని క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఉంటాయి. రెక్కలకు రంగు దొరికింది గాని ఒంటికి ఎరుపు దొరకలేదు. ఎగురుతున్నప్పుడు ఆ తేడా పిట్టకు అందదు, మనకూ అందదు. నిలిచిన ఫొటోలో అందింది.

క్రిమ్సన్ రోజ్‌కు ఆ విషం ఎక్కడినుంచి వచ్చింది? పువ్వునుంచి కాదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకునుంచి వచ్చింది. ఆ ఆకు ఈశ్వరి తీగది. మన నాటు వైద్యులు ఎరిగిన మొక్కే. ఆకులోని విషం పురుగు ఒంట్లో చేరి, రెక్కలు వచ్చిన తరువాత కూడా అక్కడే ఉండి కాపాడుతుంది. జిల్లేడు ఆకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక కథా ఇదే. జిల్లేడు పాలలోని విషమే దానికి కవచం.

ఇక్కడినుంచే అసలు సంగతి మొదలవుతున్నది, పిల్లలూ. సీతాకోకచిలుకల ఇంట్లో మనకు కనబడేది పువ్వులు, రెక్కలు. కాని ఆ ఇల్లు నిలిచింది ఆకుల మీద.

తెలుగు వచ్చిన పనివాడొకాయన అక్కడ మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఆపి మాట్లాడాను. చూడవచ్చినవారందరూ పైకి చూస్తారనీ, తమకు మాత్రం రోజంతా ఆకులతోనే సరిపోతుందనీ ఆయన చెప్పాడు. లెక్క వేసి చూడండి. రెక్కలు వచ్చిన సీతాకోకచిలుకలలో చాలా జాతులు రెండు మూడు వారాలకంటె ఎక్కువ బ్రతకవు. ఇవాళ మన తల మీద ఎగిరినవాటిలో చాలావరకు వచ్చే నెలకు ఉండవు. కొత్తవి వస్తూ ఉండకపోతే ఆ పెద్ద గుండ్రటి గది నెల తిరిగేసరికి ఖాళీ. కొత్తవి రావాలంటే గుడ్లు కావాలి, గొంగళిపురుగులు కావాలి. వాటికి ఆకు కావాలి. ఏదో ఒక ఆకు పెడితే పురుగు తినదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క మొక్క, మహా అయితే ఒకే కుటుంబానికి చెందిన కొన్ని మొక్కలు. ఈశ్వరి తినే పురుగు ముందు కరివేపాకు పెడితే ఆకలితో చస్తుంది గాని ముట్టదు.

నిమ్మచెట్టు మీద పెరిగే లైమ్ సీతాకోకచిలుకను తీసుకుందాం. ఆవగింజకంటె చిన్న గుడ్డు మూడు నాలుగు రోజులలో పగులుతుంది. బయటికి వచ్చిన పురుగు మొదట నలుపు తెలుపులతో పిట్టరెట్టవలె ఉంటుంది. రెట్టను ఏ పిట్ట తింటుంది? కాస్త పెద్దదైన తరువాత ఆకుపచ్చరంగుకు మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో కదిపితే తలవెనుకనుంచి రెండు కొమ్ములు బయటికి పొడుచుకువస్తాయి, ఘాటైన వాసన కొడుతుంది. సుమారు రెండు వారాలు తిని తిని, పుల్లకు తనను తాను కట్టుకొని గూటిదశలోకి పోతుంది. దీనినే ప్యూపా అంటారు. మరొక పది రోజులు. అన్నీ కలిపి నెల రోజుల చదువు!

ప్యూపా పగిలే ఘట్టం చూడవలసినది. బయటికి వచ్చినప్పుడు రెక్కలు తడిసి ముడుచుకుపోయిన జేబురుమాలులాగా ఉంటాయి. అది కొమ్మకు వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాలలోకి పంపుతుంది. రెక్కలు నెమ్మదిగా సాగుతాయి. తొండం కూడా రెండు చీలికలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒక గొట్టంగా చేసుకుంటుంది. రెక్కలు ఆరి గట్టిపడే దాకా ఎగరలేదు. అప్పుడు మనం సాయం చేద్దామని వేలు పెట్టామా, ఆ రెక్క జన్మంతా వంకరే. రెక్కమీది రంగు కూడా సన్నని పొలుసుల రంగు. పట్టుకుంటే మన వేళ్ళకు అంటే పొడి అదే. రాలిన పొలుసు మళ్ళీ మొలవదు. అందుకే ఆ ఇంట్లో ముట్టుకోరాదన్న నియమం పెట్టారు.

కెమెరాలు లేని కాలంలో ఈ సంగతులన్నీ కంటితో చూచి, చేతితో బొమ్మలు వేసిన మహాతల్లి ఒకామె ఉన్నది. ఆమె పేరు మరియా సిబిల్లా మెరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పురుగులు బురదలోంచి వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మిన రోజులవి. ఆమె పదమూడేళ్ళ వయసులోనే పట్టుపురుగులను పెంచి, గుడ్డునుంచి రెక్కలదాకా వరుసగా గమనించింది. 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, చిన్న కూతురును వెంటబెట్టుకొని ఓడ ఎక్కి దక్షిణ అమెరికాలోని సురినాముకు పోయింది. అడవులలో పురుగులను వెదకి పెంచింది. జబ్బుపడి 1701లో తిరిగి వచ్చింది. 1705లో ఆమె గ్రంథం అచ్చయింది. ఆ బొమ్మలలో ఒక విశేషమున్నది. సీతాకోకచిలుకను ఒంటరిగా కాగితంమీద అతికించినట్టు వేయలేదు. దాని పురుగును, ప్యూపాను, ఆ పురుగు తినే మొక్కను కూడా ఒకే బొమ్మలో చూపింది. ఈ ప్రాణి ఈ ఆకుమీద బ్రతుకుతుంది అని ఆ బొమ్మే చెబుతుంది.

మీరు తీసే ఫొటోలు కూడా అట్లా ఉండాలని నా కోరిక. రెక్కలను మాత్రమే పెద్దవి చేసి తీయకండి. అది వాలిన పువ్వు, గుడ్డు పెట్టిన ఆకు, పురుగు కొరికిన అంచు, అన్నీ తీయండి. అప్పుడు మీ దగ్గర ఉండేది ఒట్టి బొమ్మ కాదు, ఒక కాపురం కథ.

ఇంతదూరం వచ్చాక మా మనవరాలు అడిగిన మరొక ప్రశ్న చెప్పాలి. “తాతయ్యా, ఇంత బాగా ఎగిరేవాటిని కప్పు కింద పెట్టడం న్యాయమేనా?” అన్నది. మంచి ప్రశ్న. మీ మనసులో కూడా మెదిలే ఉంటుంది.

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. బయట పెట్టిన వంద గుడ్లలో రెక్కలదాకా వచ్చేవి చాలా కొద్ది. పిట్టలు, సాలీళ్ళు, చీమలు, కందిరీగలు అన్నీ వాటికోసం కాచుకొని ఉంటాయి. లోపల ఆ భయం తక్కువ, తిండికి కొదవ లేదు. అంతమాత్రాన పంజరం ఊరు కాదు. అడవినుంచి పట్టుకువచ్చి నింపుతూ ఉంటే అది అన్యాయమే. ఆకులు పెంచి, పురుగులను సాకి, వచ్చినవారికి నాలుగు మంచి సంగతులు నేర్పితే అది బడి.

ఇటువంటి ఇళ్ళు మొదట చల్లని దేశాలలో వెలిశాయి. ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న గెర్న్సీ అనే దీవిలో టమాటాలు పండించే గాజుగదులు ఉండేవి. 1970వ దశకంలో అటువంటి గాజుగదిలోనే సీతాకోకచిలుకల ప్రదర్శన మొదలైంది. తరువాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి. చలిదేశాలలోని ఇళ్ళకు ప్యూపాలు వేడిదేశాలనుంచి పోతాయి. కెన్యా సముద్రతీరంలో అరబుకో సొకోకే అనే అడవి ఉన్నది. పొలాలకోసం దానిని కొట్టివేయాలని చుట్టుపక్కల ఊళ్ళవారు కోరుతూ ఉండేవారు. 1993లో అక్కడ ‘కిపెపెయో’ అనే పథకం మొదలైంది. స్వాహిలీ భాషలో కిపెపెయో అంటే సీతాకోకచిలుక. ఊళ్ళవారే పురుగులను పెంచి ప్యూపాలు అమ్మడం నేర్చుకున్నారు. తల్లి సీతాకోకచిలుకలు అడవినుంచే రావాలి. అడవి ఉంటేనే ఆదాయం ఉంటుందని తెలిసింది. కొట్టివేయాలనుకున్న అడవి కాపాడుకోవలసినదైంది. ఎక్కడో చలిదేశంలో గాజుకప్పు కింద ఒక పాప చూచిన సీతాకోకచిలుక, ఇక్కడ ఒక చెట్టును నిలబెట్టిందన్న మాట.

మరి మన ఊరి మాట ఏమిటి? మనకు గాజుకప్పు అక్కరలేదు. ఎండా ఉన్నది, గాలీ ఉన్నది. మనదేశంలో 1,300కు పైగా సీతాకోకచిలుకల జాతులున్నాయి. వాటిలో చాలా సామాన్యమైనవి మన పెరటి మొక్కలమీదనే బ్రతుకుతాయి. కరివేపాకు మీద కామన్ మార్మన్, నిమ్మ మీద లైమ్, గన్నేరు మీద నల్లని కామన్ క్రో, ఆముదం మీద కామన్ క్యాస్టర్. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు బతుకమ్మకు పువ్వు ఇస్తుంది, లేతపచ్చని ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకల పిల్లలకు ఆకు ఇస్తుంది. రోడ్డుపక్కన ఎవరూ నాటని జిల్లేడు ప్లెయిన్ టైగర్‌కు పుట్టిల్లు.

కాని మనం ఏం చేస్తున్నాం? జిల్లేడును పిచ్చిమొక్క అని పీకుతాం. పెరడంతా సిమెంటు చేస్తాం. కుండీలో పువ్వు పెడతాం, ఆకులో చిల్లు కనబడగానే మందు కొడతాం. ఆకులో చిల్లు పడకుండా రెక్క పుట్టదు. పురుగు వద్దు, సీతాకోకచిలుక కావాలి అంటే కుదిరే బేరం కాదు. నల్లగొండ, అనంతపురం బత్తాయి రైతుకు లేతమొక్కల మీద ఈ పురుగు నష్టమే, ఆయన కష్టం ఆయనది. కాని మన పెరటి కరివేపాకుకు ఆ బాధ లేదు. చెట్టులో రెండు రెమ్మలు పురుగుకు వదలినంతమాత్రాన చారులో పోపు తక్కువ కాదు. ఈ మాట మీ అమ్మగారికి, నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

ఇప్పుడు మీకొక పని. ఈ వారంలో కరివేపాకు చెట్టునో నిమ్మచెట్టునో లేత ఆకుల దగ్గర జాగ్రత్తగా వెదకండి. పిట్టరెట్టవంటి చిన్న పురుగు దొరికితే అది ఉన్న రెమ్మతో సహా తెచ్చి, గాలి ఆడే గుడ్డ కట్టిన వెడల్పు సీసాలో పెట్టండి. రోజూ తాజా ఆకు వేయండి, రెట్టలు తీసివేయండి, ప్యూపా కట్టుకోవడానికి ఒక నిలువు పుల్ల ఉంచండి. ప్రతిరోజూ ఒకే వేళకు ఒక ఫొటో తీసి, తేదీ వేసి నోటుపుస్తకంలో రెండు వాక్యాలు వ్రాయండి. రెక్కలు ఆరిన తరువాత అదే చెట్టు దగ్గర వదిలిపెట్టండి. జిల్లేడు, గన్నేరు, ఈశ్వరి మొక్కలను మాత్రం పెద్దవారు దగ్గర లేకుండా త్రుంచవద్దు. వాటి పాలూ ఆకులూ విషం. చేయి కళ్ళదాకా, నోటిదాకా పోనివ్వకూడదు.

బన్నేరుఘట్టకు పోయే అవకాశం వస్తే తప్పక పోండి. అక్కడికి వారంలో ఒక రోజు, సాధారణంగా మంగళవారం, సెలవు. బయలుదేరే ముందు కనుక్కోండి. ఉదయం పూటే పోండి. వెలుతురు బాగుంటుంది, జనం తక్కువగా ఉంటారు. అడవినుంచి పట్టి అట్టలకు గుచ్చిన సీతాకోకచిలుకలను ఎక్కడైనా అమ్మజూపితే కొనవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిలో ఎన్నో జాతులకు రక్షణ ఇచ్చింది.

సీతాకోకచిలుకల ఇంటినుంచి బయటికి వచ్చేటప్పుడు చొక్కా మీద ఏమీ తెచ్చుకోకూడదని చెప్పాను గదా. ఒక్కటి మాత్రం తెచ్చుకోవచ్చు. అది ఏ ఆకుమీద ఏది పెరుగుతుందన్న జ్ఞానం. దానిని తెచ్చి మీ పెరట్లో, మీ బడి ఆవరణలో ఒక మొక్కగా నాటండి. నీళ్ళు పోయండి. కాళ్ళతో రుచి చూచే తల్లులు వెదుక్కుంటూ వాటంతట అవే వస్తాయి.